బాతుమెడ సీసా

జెస్సీ ఫోను తీసి పదకొండో మంచం పక్కన వేలాడుతున్న యూరిన్ బాటిల్‌ను ఫొటో తీసింది. ఒకటి కాదు, రెండు. దూరం నుంచి ఒకటి, సీసా మెడ దగ్గరికి వంగి ఇంకొకటి. తీసి, అటూ ఇటూ చూసి, ఫోను జేబులో వేసుకుని, ఏమీ ఎరగనట్టు పన్నెండో మంచం వైపు నడిచింది.

వార్డు తలుపు పక్కన నిలబడి రత్నమణి ఇదంతా చూసింది.

ఈ కాలంలో జనం ముఖాలను ఫొటో తీస్తారు, పూలను తీస్తారు, తినబోయే బిర్యానీని కూడా తీస్తారు. ఉచ్చ సీసాను ఎవరైనా తీస్తారా? తీశారంటే కారణం ఉండాలి. ఆ కారణం రత్నమణికి తెలుసు. సీసా మెడ మీద ఒక గాటు ఉంది. ఆ గాటు పెట్టింది తనే.

గాటు సంగతి చెప్పాలంటే కైకలూరు దాకా పోవాలి. రత్నమణి తండ్రి పీరయ్య బాతులు మేపేవాడు. కోతలైన చేలల్లో నీళ్ళుండే చోటల్లా ఆ మందను తోలుకుని తిరిగేవాడు. రెండు మందలు ఎదురుపడి కలిసిపోయాయంటే ఎవరి బాతు ఎవరిదో తేల్చడం దేవుడి తరం కూడా కాదు. అందుకని పిల్లగా ఉన్నప్పుడే ప్రతి బాతుకీ కాలివేళ్ళ మధ్య పొరకు చిన్న గాటు పెట్టేవాడు. కుడికాలు, లోపలి పొర, ఒక్క గాటు. అది పీరయ్య మంద. ఎంత తగాదా వచ్చినా బాతును తిరగేసి కాలు చూపిస్తే ఎదుటివాడి నోరు మూతపడేది.

సౌదీలో, అల్ ఖర్జ్‌లోని ఈ ప్రైవేటు ఆసుపత్రికి హెల్పరుగా వచ్చిన కొత్తలోనే రత్నమణి ఆ పద్ధతిని సీసాలకు పెట్టింది. మగవాళ్ళ వార్డులో సీసాలు కడగడం, మంచాలు తుడవడం ఆమె పని. మిగతా షిఫ్టుల వాళ్ళు నీళ్ళు తిప్పి పారబోసి కడిగామనేవారు. ఆమె మరిగే నీళ్ళు పోసి, మందు వేసి, ఎండకు బోర్లించేది. తన చేత్తో అలా కడిగి, తన కింద ఉంచుకున్న సీసాలకు మెడ దగ్గర కత్తెరతో సన్నగా గాటు పెట్టేది. గాటున్న సీసాను కళ్ళు మూసుకుని రోగికి అందించవచ్చు. పందొమ్మిదేళ్ళుగా ఈ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ పట్టలేదు. కానీ పట్టించుకుంటే మాత్రం అది ఆసుపత్రి సొమ్మును కోసి పాడుచేయడమే.

ఇంకో ఏడాదైతే నవ్వేసి ఊరుకునేది. ఇది నవ్వే ఏడాది కాదు. నితాకత్ అని ఒకటి వచ్చి అప్పటికే కొన్నేళ్ళయింది. కంపెనీలో సౌదీవాళ్ళు ఎందరున్నారో చూసి సర్కారు వాళ్ళు కంపెనీకి రంగు వేస్తారు. ఆకుపచ్చ అంటే బతికినట్టు, పసుపు అంటే దగ్గు పట్టినట్టు, ఎరుపు అంటే పాడె కట్టినట్టు. నర్సులనూ హెల్పర్లనూ ఆసుపత్రికి పంపే వాళ్ళ కంపెనీ ఆ ఏడు పసుపులోకి జారింది. దాని మీద, ప్రతి విదేశీ మనిషికీ కంపెనీ కట్టాల్సిన లెవీ జనవరి నుంచి ఒక్కసారిగా పెరిగింది. మనుషులను తగ్గిస్తారట, ఒక లిస్టు తయారవుతోందట అని వంటగదిలో ఒకరు, లిఫ్టులో ఒకరు, ప్రార్థనలో మోకాళ్ళ మీదుండి కళ్ళు మూసుకుని ఒకరు.

రత్నమణి ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. రెన్యువల్ కాకపోతే ఇంటికే. ఇంటి దగ్గర భర్త నోవహు కిడ్నీలు రెండూ ఎండిపోయి, వారానికి రెండుసార్లు ఏలూరులో డయాలసిస్ మిషను మీద పడుకుంటున్నాడు. ఆ మిషను తిరుగుతున్నది ఈ సీసాలు కడిగే చేతుల మీదే. ఇంకో రెండేళ్ళు, ఒక్క రెండేళ్ళు ఈ చేతులను ఇక్కడ ఉండనివ్వు ప్రభువా అని ఆమె రోజూ అడిగేది. అలాంటప్పుడు ఆ సీసా మెడను ఫొటో తీసింది జెస్సీ.

ఆ పిల్లది నర్సాపురం. ఇరవై ఆరేళ్ళ స్టాఫ్ నర్సు. రత్నమణి గదిలోనే, పరదాకు అటువైపు మంచం. వచ్చి ఏడాదిన్నర. "వందనాలు పెద్దమ్మా" అంటూ నోరారా పలకరించే పిల్ల మూడు నెలల నుంచి మారిపోయింది. డ్యూటీ దిగి మధ్యాహ్నం గదికి రాగానే పరదా లాగేసుకుంటుంది. శుక్రవారం పొద్దున చెవుల్లో ఏవో పెట్టుకుని ఫోనుకు దండం పెట్టినట్టు కూర్చుంటుంది. తర్వాత మొదలవుతుంది గొణుగుడు.

రత్నమణి చదివింది ఐదో తరగతి. బడి మానినా చెవి మానలేదు. ఒకసారి విన్న కీర్తన, ఒకసారి విన్న తిట్టు, ఇరవై ఏళ్ళ కిందటి పెళ్ళిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, ఏదీ ఆమెను వదిలిపోదు. మరచిపోవడం ఆమెకు చేతకాని పని. పరదాకు ఇవతల పడుకుని, కళ్ళు మూసుకుని, ఆ గొణుగుడంతా వినేది. కిస్సెన్. లాకెన్. డెక్కె. ష్ప్రిట్సె. ఫెర్‌బాంట్. ఇంగ్లీషు కాదు, అరబ్బీ కాదు, మలయాళం అంతకన్నా కాదు. రోజూ అదే వరస. ఇరవై నాలుగో మాట "ఎంటె". అది రాగానే జెస్సీ కిసుక్కున నవ్వేది.

ఎందుకు నవ్వుతుంది? ఎవరిని చూసి నవ్వుతుంది?

వార్డులోనూ అదే వరస. జెస్సీ దిండు ముట్టుకుంటుంది, పెదాలు కదుపుతుంది. దుప్పటి ముట్టుకుంటుంది, పెదాలు కదుపుతుంది. తప్పులు లెక్కపెడుతున్నట్టే ఉంటుంది.

పదకొండో మంచం మీదున్నది రాజేశం. జగిత్యాల దిక్కు మనిషి. డెయిరీ ఫారంలో ఫ్యాన్లు బాగుచేస్తూ నిచ్చెన మీద నుంచి పడి తుంటి విరిగింది. అతని సీసాను చేతిలో పట్టుకుని గాటు వైపే చూస్తూ నిలబడిపోయింది రత్నమణి.

"ఏందక్కా, సీసను గట్ల జూస్తున్నవ్? అండ్ల నాది బంగారమేమన్న వడ్డదా?"

"నీ బంగారం నీ దగ్గరే ఉంచుకో గానీ రాజేశం, ఆ జెస్సీ నీ మంచం దగ్గర ఏం చేస్తదో ఎప్పుడైనా చూశావా?"

"సూడకేంది? మెత్త ముడుతది, గొణుగుతది. దుప్పటి ముడుతది, గొణుగుతది. మంత్రం వెడుతున్నదేమో అనుకున్న. తుంటి ఇరిగినోనికి మంత్రం ఎందుకని ఊకున్న."

"రాసుకుంటదా?"

"రాస్తది. గదే నాకు భయం. మా కంపెనోడు నెలల నలబై మందిని ఖురూజ్ కొట్టి ఇంటికి వంపిండు. ఎవ్వలు కలం వట్టినా నా పేరే రాస్తున్నరనిపిస్తది." గొంతు తగ్గించాడు. "నీ సీస దిక్కు సూసి గూడ రాసింది అక్కా. నవ్వుకుంట రాసింది."

అంతే. అదేం రాస్తోందో చూసి తీరాలనుకుంది రత్నమణి.

ఆదివారం జెస్సీ స్నానానికి వెళ్ళినప్పుడు పరదా తొలగించింది. దిండు కింద నీలం అట్ట నోట్‌బుక్. తలుపు వైపు ఒకసారి చూసి తెరిచింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు బోర్డుల మీద కూడబలుక్కునే మందమే వచ్చు. కానీ వాటి పక్కన తెలుగు రాసి ఉంది. తెలుగు ఆమె బైబిలు చదువుకునే తెలుగే. సరళ. పక్కన సూది బొమ్మ. ప్రేమలత. పక్కన కట్టు బొమ్మ. పేజీ తర్వాత పేజీ వార్డులో తోటివాళ్ళ పేర్లే. కొన్నింటికి ఎర్ర టిక్కు. ఒక పేజీలో సీసా బొమ్మ ఉంది. మెడ మీద గాటు కూడా దిద్ది మరీ గీసింది. కింద "రత్నమణి పెద్దమ్మ" అని. దానికి రెండు టిక్కులు.

లిస్టు ఆఫీసులో లేదు, తన గదిలోనే తయారవుతోంది. పెద్దమ్మా పెద్దమ్మా అంటూ పక్కలో పాముంది. అది కరిచేలోపు తానే కర్ర ఎత్తాలి.

హెల్పర్ల మీదా హాస్టలు మీదా సూపర్‌వైజరు మేరాజ్ బేగం. హైదరాబాద్ టోలీచౌకీ ఆవిడ. మాట కరుకు. ఆ నెలలో ఆమె పక్కన ఒక సౌదీ అమ్మాయి కుర్చీ వేసుకుని కూర్చుని పని నేర్చుకుంటోంది. ఎందుకు నేర్చుకుంటోందో అందరికీ తెలుసు, మేరాజ్ బేగానికి ఇంకా బాగా తెలుసు. అందుకే ఆమె కూడా ఎవరినీ నమ్మడం మానేసింది.

"మేడం, జెస్సీ దగ్గర ఒక పుస్తకం ఉంది. అందరి పేర్లూ రాస్తంది. ఫొటోలు తీస్తంది. ఎవరికి పంపుద్దో తెలవదు."

మేరాజ్ బేగం కళ్ళు చిన్నవయ్యాయి. "అచ్ఛా? నువ్వు చూసినవా?"

"ఈ కళ్ళతో చూశా."

"సరే, పో. మంచి పని జేసినవు. యాద్ పెట్టుకుంటా."

ఆ ఆఖరి మాట రత్నమణికి చల్లగా తగిలింది. యాద్ పెట్టుకుంటుందట. గది దాకా ఆ మాటను కొంగున ముడేసుకున్నట్టే నడిచింది. కానీ మెట్లెక్కుతుంటే ఎందుకో, చిన్నప్పుడు పక్క మందలోని బాతుకు తమ గాటు పెట్టిన మేనమామ గుర్తొచ్చాడు. పీరయ్య అతన్ని మళ్ళీ గడప తొక్కనివ్వలేదు.

సోమవారం పొద్దున లాకర్లూ మంచాలూ తనిఖీ జరిగింది. నీలం అట్ట నోట్‌బుక్ మేరాజ్ బేగం చంకలోకి వెళ్ళింది. జెస్సీని బుధవారం ఆఫీసుకు రమ్మంది.

మధ్యాహ్నం జెస్సీ పరదా లాగుకోలేదు. సింకు దగ్గర కుళాయి విప్పి, నీళ్ళ చప్పుడులో ఏడుస్తోంది. నేరం చేసి దొరికిపోయిన ఏడుపులా లేదది. బొమ్మ లాక్కుంటే ఏడ్చే పిల్ల ఏడుపులా ఉంది.

"ఏంటమ్మా, ఏమైంది?" అంది రత్నమణి, ఏమీ తెలియనట్టు.

"అయిపోయింది పెద్దమ్మా. బుధవారం రియాద్‌లో నాకు పరీక్ష. ఆ పుస్తకం లేకపోతే నేను సున్నా."

"ఏం పరీక్ష?"

"జర్మన్ బాస. అక్కడ నర్సులు కావాలంట. ఇక్కడ రేపో మాపో తీసేస్తారు గదా, అందుకని ఎవరికీ సెప్పకుండా నేర్సుకుంటన్నా. ఆఫీసుకి తెలిస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వరు, ముందే ఎగ్జిట్ కొట్టేస్తారు. అందుకే నీకు కూడా సెప్పలా."

అయితే ఆ గొణుగుడంతా పాఠమన్నమాట. అయినా అనుమానం అంత తేలిగ్గా చావదు. "మరి అందరి పేర్లు ఎందుకు రాశావే?"

"అదా?" కన్నీళ్ళలోనే నవ్వింది. "సండేస్కూల్లో మా టీచరమ్మ ఒక్కో వాక్యం ఒక్కో పిల్లకి ఇచ్చేది. ఆ పిల్లని ఆ వాక్యంతోనే పిలిసేది. వాక్యం మర్సిపోయినా పిల్ల మొకం చూస్తే గుర్తొచ్చేది. నేనూ అట్టాగే ఒక్కో మాట ఒక్కో మనిషికి ఇచ్చా. సూది మాట సరళక్కది. కట్టు మాట ప్రేమలతక్కది. వచ్చేసిన మాటకి టిక్కు."

"నా మాట?"

"ఎంటె. అంటే బాతు."

రత్నమణి చెయ్యి చాపి సింకు కుళాయి కట్టేసింది.

"జర్మనీ ఆసుపత్రుల్లో యూరిన్ బాటిల్‌ని బాతు అంటారు పెద్దమ్మా. మెడ చూడు, అచ్చం బాతు మెడే గదా! శుక్రవారం ఫోను క్లాసులో మా సారు ఆ ఒక్క మాట మీదే గంట సెప్పాడు. వేల ఏళ్ళ నాటి మాటంట. ముందు ఆనుట్ లాంటిదేదో అనేవాళ్ళంట, అది అరిగి అరిగి ఎంటె అయిందంట. పాత రోము బాసలో అనాస్, మన సంస్కృతంలో ఆతి అంటే నీటిపక్షి. అన్నీ ఒకే తల్లి పిల్లలంట. పేపర్లో అబద్ధం వార్త వస్తే దాన్ని కూడా బాతే అంటారంట. ఎందుకో ఎవరికీ సరిగా తెలీదు. రుజువు లేని వార్త కింద ఎన్, టె అని రెండక్షరాలు వేసేవాళ్ళు, వాటిని పలికితే ఎంటె అని వినపడేది అని కొందరు. అంతకుముందే అబద్ధాల బోధల్ని నీలి బాతులు అనేవాళ్ళని కొందరు. పాతకాలం చిన్న కారుకి కూడా అదే పేరంట. నువ్వేమో మీ అయ్య బాతుల కథలు సెప్తావు, సీసాలు బాతు పిల్లల్లా చూసుకుంటావు. ఆ మాట ఇంకెవరికి ఇవ్వను? వచ్చేసిన మాటలకి ఒక టిక్కే, నీ మాటకి రెండు."

"ఫొటో తీసి మరీ గాటు ఎందుకు గీశావు?"

"బొమ్మ కుదరాలని ఫొటో తీశా. గాటు నీ సీసాలకి ఉంటది గదా. కడిగినవి ఏవో నేను దాన్ని బట్టే చూసుకుంటా. నాకు తెలీదనుకున్నావా?"

పందొమ్మిదేళ్ళలో ఆ గాటును చదివిన మనిషి ఒక్కతే దొరికింది. ఆ మనిషినే తాను పట్టించింది.

మంగళవారం ఆమె మేరాజ్ బేగం ఆఫీసు తలుపు కొట్టింది. సౌదీ అమ్మాయి నమాజుకు వెళ్ళినట్టుంది, కుర్చీ ఖాళీగా ఉంది. నోట్‌బుక్ బల్ల మీదే ఉంది.

"మేడం, ఆ పుస్తకం నాది."

"క్యా?"

"నాది. తనిఖీలో నా దగ్గర దొరుకుద్దేమోనని ఆ పిల్ల దిండు కింద పెట్టా. పెట్టి దాని మీద మీకు చెప్పా. తప్పు నాదే."

మేరాజ్ బేగం ఆమెను కింది నుంచి పై దాకా చూసింది. "నీకు సంతకం పెట్టుడే సరిగ్గ రాదు. ఇంత ఇంగ్లీష్ నువ్వు రాసినవా?"

"రాయడం రానోళ్ళు రాయించుకోరా మేడం?"

"ఎవరితోని?"

"అది చెప్పను. పుస్తకం నాదో కాదో మాత్రం చూసుకోండి. తెరవండి, మొదటి పేజీ."

మేరాజ్ బేగం నమ్మకుండానే తెరిచింది. రత్నమణి కళ్ళు మూసుకుంది. పరదా ఇవతల పడుకున్న మూడు నెలల మధ్యాహ్నాలు, పట్టించడానికని దొంగచెవితో విన్న గొణుగుడు, వరస తప్పకుండా బయటికొచ్చింది. "కిస్సెన్, దిండు. లాకెన్, పక్కదుప్పటి. డెక్కె, కప్పుకునేది. ష్ప్రిట్సె, సూది. ఫెర్‌బాంట్, కట్టు..." జెస్సీ వార్డులో ఏది ముట్టుకుని ఏది గొణిగిందో, ఇప్పుడు అర్థాలన్నీ వాటంతట అవే వచ్చి మాటల పక్కన కూర్చున్నాయి. మేరాజ్ బేగం వేలు పేజీ మీద జారుతూ పోయింది. ఒక్క చోట కూడా ఆగలేదు.

"ఇరవై నాలుగు, ఎంటె. ఉచ్చ సీసా. అసలు అర్థం బాతు." ఆగకుండా ఆనుట్ చెప్పింది, అనాస్ చెప్పింది, ఆతి చెప్పింది, నీలి బాతులు చెప్పింది. చెప్పి, సొంతంగా ఒకటి కలిపింది. "ఇక్కడ అరబ్బులు బత్తా అంటారు, మీరు బతఖ్ అంటారు, మేం బాతు అంటాం. అది ఇంకో తల్లి పిల్లలనుకుంటా."

మేరాజ్ బేగం పేజీ మీది నుంచి వేలు తీసింది. "ఇప్పుడు నాకు ఎట్ల అర్థమైతున్నదంటే," అంది నెమ్మదిగా, "నువ్వు మొన్న అబద్ధం చెప్పినవు. ఇయ్యాల ఇంకా పెద్ద అబద్ధం చెప్తున్నవు. ఏ అబద్ధం ఎందుకో కూడా సమజైంది." పుస్తకం మూసి ముందుకు తోసింది. "తీస్కపో. ఎవరిదో వాళ్ళకియ్యి. బుధవారం నా దగ్గరికి ఎవరూ రానక్కర లేదు."

రత్నమణి పుస్తకం అందుకుంది. గడప దాటబోతూ ఆగింది. అడగకుండా ఉండలేకపోయింది.

"మేడం, లిస్టు..."

"లిస్ట్ పోయిన నెలలోనే రియాద్ ఆఫీస్ నుంచి వచ్చింది. నువ్వు వచ్చి చెప్పిన మాట దాన్ల ఒక్క పేరు కూడా కలపలే, తీయలే. యాభై దాటిన హెల్పర్లందరూ ఉన్నరు."

"నేను?"

"ఉన్నవు."

"ఇది కూడా బాతేమో మేడం. అబద్ధం వార్త."

మేరాజ్ బేగం మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. "నీ పేరు కింద ఇంకో పేరుంది. అది నాది. అబద్ధమైతే ఇద్దరం మిఠాయి తిందాం."

రత్నమణి గదికొచ్చి నోట్‌బుక్ జెస్సీ ఒళ్ళో పెట్టింది. పెట్టి, పట్టించింది తానేనని చెప్పింది. నెమ్మదిగా కూడా చెప్పలేదు, ముల్లు పీకినట్టు ఒక్కసారిగా. జెస్సీ లేచి వెళ్ళి పరదా లాగేసుకుంది. ఐదు గంటలకు మొదలైంది గొణుగుడు. కిస్సెన్. లాకెన్. డెక్కె. పదహారో మాట దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది.

రత్నమణి ఇక ఉండలేక, పరదా ఇవతల నుంచి ఆ మాట అందించింది. "క్రూకె. చంక కింద కర్ర."

"నేను నిన్ను అడగలేదు పెద్దమ్మా," అంది జెస్సీ. ఆ గొంతులో ఇంకా తడి కోపం ఉంది. తర్వాత చాలాసేపటికి, "దాని తర్వాతది?"

రత్నమణి చెప్పింది. ఇరవై నాలుగో మాట వచ్చినప్పుడు జెస్సీ నవ్వలేదు. కానీ తప్పు పోకుండా పలికింది.

బుధవారం ఆ పిల్ల రియాద్ బస్సెక్కింది. రత్నమణి వార్డులోకి వెళ్ళి, కడిగిన సీసా తెచ్చి పదకొండో మంచానికి తగిలించింది.

"ఏమైందక్కా, లిస్టుల ఉన్నవా?" అన్నాడు రాజేశం.

"ఉన్నా."

"ఆ సిస్టరే రాసిందా?"

"ఎవరూ రాయలేదురా. వయసు రాసింది."

మధ్యాహ్నం నోవహుకు ఫోను చేసింది. మిషను మీద నుంచి దిగి, ఏలూరు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నాడతను. "పై నెల వచ్చేస్తున్నా," అంది. "మొత్తానికే. ఆ మిషను ఇక గవర్నమెంటాసుపత్రిలో చూసుకోవాలి. నేనే దగ్గరుండి బస్సెక్కించి తీసుకుపోతా. సీసా పట్టడం నాకన్నా ఎవరికొచ్చు?"

అవతల నుంచి దగ్గు, తర్వాత చిన్న నవ్వు. "పందొమ్మిదేళ్ళ నుంచీ ఇదే పాట పాడుతున్నావు. వచ్చేడు వస్తా, వచ్చేడు వస్తా అని. ఎన్నిసార్లు నమ్మాలే?"

"ఈసారి నిజం."

"పోయినసారీ అట్టాగే అన్నావు."

రుజువు లేని మాటకు రెండక్షరాలు వేసే మనిషిలా ఉంది అతని వరస. ఆమెకు పీరయ్య గుర్తొచ్చాడు. తగాదా వచ్చినప్పుడు మాటలతో పోరాడేవాడు కాదు. బాతును తెచ్చి, తిరగేసి, కాలు చూపించేవాడు.

"సరే, నమ్మకు," అంది. "బస్సు దిగి నీ ముందు నిలబడతాగా. అప్పుడు నమ్ముదువు గానీ."

ఫోను పెట్టేసి, బాత్రూములో వరసగా బోర్లించి ఉన్న సీసాల దగ్గరికి వెళ్ళి, కత్తెర తీసి, కొత్తగా వచ్చిన ఆరింటికీ మెడ దగ్గర సన్నగా గాటు పెట్టింది. తన తర్వాత వచ్చే మనిషికి ఆ గాటు సంగతి ఎవరు చెబుతారో అని ఒక్క క్షణం ఆలోచించింది. జెస్సీ చెబుతుందిలే అనుకుంది. చెబుతుందా?

చెబుతుందో లేదో, సీసాలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.